ఖాళీ సంచి మీది వారం

పక్క స్థలంలో స్లాబు వేస్తున్నారు. మిక్సరు మోత సంగతి అలా ఉంచితే, తడిసిన సిమెంటు వాసన పొద్దున్నే మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. దాని వెనకే ఒక ఖాళీ సంచి గాలికి ఎగిరొచ్చి గేటుకు అంటుకుంది. ఇంకొకరైతే మేస్త్రీని నాలుగు తిట్టి దాన్ని అవతల పారేస్తారు. నేనూ తిట్టాను, అందులో లోటు చేయలేదు. కానీ తిడుతూనే సంచిని తిరగేసి, సరుకు తయారైన వారం ఎక్కడ అచ్చువేశారో వెతికాను. మూడు వారాల నాటిది. ఫరవాలేదు. ఈ అలవాటు నాకు అంటించినవారు ఖాజా గారు.

నరసరావుపేటలో ఒక సిమెంటు కంపెనీ ఏరియా ఆఫీసుకు ఆయన మేనేజరు. ఎం.కాం. పట్టా చేతపట్టుకుని, నాకు తెలియనిది లేదనుకుంటూ అక్కడ చేరినదాన్ని నేను. డీలర్లకు పెట్టిన స్కీములు ఎలా పనిచేశాయో తేల్చి పై ఆఫీసుకు రిపోర్టు రాయడం నా పని. మూడు నెలల్లో చెప్పినన్ని బస్తాలు మా దగ్గర కొని ఎత్తిన డీలరుకు సింగపూర్ యాత్ర. ఎత్తని వాళ్లలో డీలర్‌షిప్ ఎవరిది తీసేయాలో పేర్లు పంపాలి. నా మొదటి స్కీము ముగిసేసరికి అమ్మకాలు రెట్టింపయ్యాయి. స్కీము దివ్యంగా పనిచేసిందని రాశాను. మెచ్చుకోవలసిన వాళ్లలో మొదటి పేరు గురజాల డీలరుది. తీసేయవలసిన వాళ్లలో బొల్లాపల్లి సుబ్బమ్మది. భర్త పోయాక ఒక్కతే కొట్టు నడుపుకుంటోందని విన్నాను గానీ, రిపోర్టుకు ఆ సంగతి అక్కర్లేదనిపించింది.

ఖాజా గారు అంతా చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఆ బస్తాలన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగారు. అమ్ముడుపోయాయి సార్ అన్నాను. మనం డీలరుకు అమ్మాం సరే, డీలరు ఎవరికి అమ్మాడన్నారు. అది మన పని కాదని వాదించాను. అరగంట వాదించాను. ఆయన టీ తాగుతూ ఓపిగ్గా విని, జీపు తాళాలు తీసుకుని లేచారు.

“వాదన బాగుంది అమ్మాయ్. పద, చూసొచ్చి మిగతాది వాదిద్దువు గాని.”

గురజాల డీలరు మమ్మల్ని ఆదరంగా లోపలికి తీసుకెళ్లి, యాత్ర కోసం కొన్న కొత్త సూట్‌కేసు కూడా చూపించాడు. ఖాజా గారు దాన్ని మెచ్చుకుని, గోదాములోకి నడిచి, అడుగు వరుసలో ఉన్న బస్తాను బొటనవేలితో నొక్కారు. నన్నూ నొక్కమన్నారు. రాయి. నేల మీదే, గోడకు ఆనించి పేర్చిన బస్తాలు చెమ్మ తాగి గడ్డకట్టాయి. ఇదేందయ్యా అని అడిగారాయన, గొంతులో కోపం లేకుండా. డీలరు తల గోక్కున్నాడు.

“ఏం చేసేది ఖాజా భాయ్. ఆశ పెట్టింది మీరేగా. మా ఇంటిది అప్పుడే వీధంతా చెప్పేసింది, పోతన్నామని.”

అక్కణ్ణుంచి బొల్లాపల్లి వెళ్లాం. సుబ్బమ్మ కొట్టులో పట్టుమని యాభై బస్తాలు లేవు. చూశారా అన్నట్టు ఆయన వంక చూశాను. ఆయన కొట్టులో కూర్చోకుండా ఊళ్లోకి నడిచారు. కడుతున్న ప్రతి ఇంటి దగ్గరా ఖాళీ సంచులు తిరగేయించి, నా చేత వారాలు చదివించారు. గొడ్లపాకకు తెరగా కట్టిన సంచులను కూడా వదల్లేదు. అన్నీ మా కంపెనీవే. అన్నీ ఆ నెలలో తయారైనవే. సుబ్బమ్మ తెచ్చిన సరుకు తెచ్చినట్టే గోడల్లోకి వెళ్తోంది. మరి ఎక్కువ ఎందుకు ఎత్తలేదని అడిగితే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“వానల్లేక జనం ఇళ్లు మధ్యలో ఆపుకున్నారు. నేనెత్తి ఏం చేసేదమ్మా? గడ్డలమ్మితే, ఆ స్లాబు కింద రేపు పడుకునేది వాళ్ల పిల్లలేగా. మీ సింగపూరు నాకు చానా దూరంలే.”

ఆ మనిషి కొట్టు మూయించడానికి నేను రాసింది ఒక్క వరుస. తిరుగుదారిలో రిపోర్టు మళ్లీ రాస్తానని నేనే అన్నాను. రాశాను. ఎత్తిన బస్తాలు కాదు, ఖాళీ అయిన సంచులు చూడాలని, అలా చూస్తే ఈ స్కీము పనిచేయలేదని, సుబ్బమ్మను తీసేయడం తప్పని. సంతకం పెట్టబోతుంటే ఖాజా గారు కాగితం తనవైపు లాక్కుని తన సంతకం పెట్టేశారు. నా రాతకు మీ సంతకం ఏమిటని ఎగిరాను.

“తిట్లు తినడానికి నీకింకా చానా సర్వీసుంది. ఈసారికి నన్ను తిననీ,” అన్నారు.

తిన్నారు. ఆ స్కీము ఆయన ఏరియాలో గొప్పగా నడిచిందనే పై ఆఫీసు ఆయనకు ప్రమోషన్ ఇవ్వబోతోందని, ఆ కాగితంతో అది పోయిందని నాకు ఏడాది తర్వాత గుమాస్తా ద్వారా తెలిసింది. ఆయనకు సంతకం పెట్టేటప్పుడే తెలుసు. సుబ్బమ్మ కొట్టు నిలిచింది. ఎందుకు చెప్పలేదని నిలదీస్తే, చెబితే నువ్వు వాదిస్తావుగా అని నవ్వారు.

చివరిసారి చూడబోయినప్పుడు షుగరు వల్ల ఆయనకు చూపు బాగా తగ్గిపోయింది. ఇప్పుడంతా ఫోన్లోనే సార్, మేస్త్రీలు సంచి మీది కోడ్ స్కాన్ చేస్తే పాయింట్లు పడతాయి అని గొప్పగా చెప్పాను. ఆయన నా చెయ్యి వెతికి పట్టుకుని, నా బొటనవేలిని మెల్లగా నొక్కారు. “ఇది కూడా వాడుతున్నారా?” అని మాత్రం అడిగారు. మూడు నెలలకు పోయారు.

ఇప్పుడు నేను ఇంకో సిమెంటు కంపెనీలో ఖాజా గారు చేసిన పనే చేస్తున్నాను. ఇందాక సంచి చేతిలో ఉండగానే ఫోను మోగింది. కొత్తగా చేరిన ఆఫీసరమ్మాయి రంగురంగుల గ్రాఫు, దాని కింద తీసేయవలసిన డీలర్ల జాబితా పంపింది. అందులో ఉన్నది ఒక్క పేరే, పెదకూరపాడు డీలరుది. మేడమ్, ఓకే అంటే చాలు, పంపేస్తానంది. అనలేదు. ఎక్కడికని కూడా చెప్పకుండా, రేపు పొద్దున్నే బస్టాండుకు రమ్మన్నాను. అరగంటగా మెసేజీల్లో వాదిస్తోంది, బాగా వాదిస్తోంది. నా మోకాళ్లు కూడా వద్దనే అంటున్నాయి. ఆ అమ్మాయికీ, మోకాళ్లకూ పెదకూరపాడు బస్సులో సమాధానం చెబుతాను.