అమ్మీ గుప్పిట్లోని మెమరీ కార్డు

నా భార్య జకియా మా ఇంట్లో చేసిన చివరి మామూలు పని, మా అమ్మ ఫోనులోని మెమరీ కార్డును రెండు భాగాలు చేయడం. ఆదివారం మధ్యాహ్నం, పంజాగుట్టలో, వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పక్కన బగారన్నం ఉమ్మగిలుతుండగా. ఆ వానాకాలమే ఆమె జ్వరంతో పోయింది.

అమీర్‌పేటలో ఆమె లినక్స్ పాఠాలు చెప్పేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ఊళ్లన్నీ ఆ సందుల్లోకి వచ్చిపడుతున్న రోజులవి. అమ్మది చవక ఫోను, లోపల చోటు లేదు. పెళ్లయి గుల్బర్గా వెళ్లిన మా చెల్లెలు అంబ్రీన్ ఫొటోలు పంపే యాప్ అందులో పట్టలేదు. కార్డులో కొంత భాగం యాప్‌లకు విడగొడితే పడుతుందంది జకియా. అయితే దానికి ముందు కార్డంతా తుడవాలి. అంబ్రీన్ పెళ్లప్పుడు ఆడవాళ్లు గదిలో కూర్చుని పాడిన ఢోలక్ పాటలు అందులోనే ఉన్నాయి. మగవాళ్లం ఆ రోజు బయట షామియానా కింద ఉన్నాం.

అమ్మ కార్డును గుప్పిట్లో బిగించింది. “పాటలు పోతే మళ్ల యాడికెళ్లి తెస్తవ్, దుల్హన్ పాషా?” కోడల్ని అమ్మ అలాగే పిలిచేది.

“కంప్యూటర్ల దాచినంకనే తుడుస్త, అమ్మీ. జర ఇయ్యిండ్రి.”

కాపీ అయ్యాక కార్డు మళ్లీ గుప్పిట్లోకే పోయింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అమ్మ కంప్యూటర్‌లోని పాటలన్నీ వింది, ఒక్కటీ వదలకుండా.

“నా స్టూడెంట్లు సుత గింత చెకింగ్ చేయరు,” అని నవ్వింది జకియా.

కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టి డిస్కుల పేర్లు చూసింది. కార్డు తీసి మళ్లీ చూసింది. మాయమైన పేరే కార్డుది. పేరు తప్పు కొడితే కంప్యూటరే తుడుచుకుపోతుంది, దాచిన పాటలతో సహా. తర్వాత పాటలకు పెద్ద భాగం ముందు, యాప్‌లకు చిన్నది వెనక వచ్చేలా కార్డును విడగొట్టింది.

“ఉల్టా పెడితే?” అన్నాను.

“ఫోన్ మొదటి ముక్కనే చూస్తది. అది తెల్వని రకమైతే కార్డే ఖరాబంటది. మా స్టూడెంట్లు రోజూ గదే చేసి నా మీదికొస్తరు.”

పాటలు తిరిగి కార్డులోకి చేరాయి. సాయంత్రానికి అంబ్రీన్ ఫొటో కూడా వచ్చింది. అమ్మ దాన్ని పక్కింటి రత్నమాల గారికి చూపించి వచ్చింది.

జకియా పోయిన చాలా రోజులకు అమ్మ ఒక పాటను ఇయర్‌ఫోన్లు లేకుండా పెట్టింది. పెళ్లికొడుకు తల్లిని ఆటపట్టించే పాట. నవ్వుల మధ్య ఒక గొంతు ముందుండి నడిపిస్తోంది, బిగ్గరగా, కొంటెగా.

“ఎవరమ్మీ గీమె? మస్తు పాడుతుంది.”

అమ్మ నన్ను వింతగా చూసింది. “నీ దుల్హనే కదరా.”

జకియా పాడుతుందని నాకు తెలియదు.