ఒకే పేరుతో ముగ్గురు

వై టూ కే హడావిడి సద్దుమణిగాక సింగపూర్‌లోని మా కంపెనీకి ఒక వింత పని వచ్చింది. ఇంగ్లండులో ఎక్కడో మారుమూల ఒక చిన్న పల్లె. ఆ ఊరి చర్చి పుస్తకాల్లో వందల ఏళ్లుగా రాసుకొచ్చిన పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఎవరో టైపు చేసి పంపేవాళ్లు. సరిచూడడం నా వంతు.

మొదట విసుక్కున్నాను. వారం తిరిగేసరికి నోరు వెళ్లబెట్టాను. భూస్వామి కొడుకునీ రాశారు, దారిన పోతూ మంచులో పడి చచ్చిపోయిన బిచ్చగాణ్ణీ రాశారు. పేరు తెలియదు, జుట్టు ఎర్రన అని! రెండు గంటలు బతికిన పసిగుడ్డుకి కూడా ఒక వరుస కేటాయించారు. అమ్మో, ఏం మనుషులు! మా ముత్తాత పేరు అడిగితే మా ఇంట్లో నలుగురూ నాలుగు చెబుతారు.

ఒక రైతు ఇంట్లో ఒకే పేరుతో మూడుసార్లు ఆడపిల్ల పుట్టినట్టు ఉంది. అదే తండ్రి, అదే తల్లి. రాసినవాడు పొరబడ్డాడనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయి, అలా రెండోసారి వచ్చిన వరుసలన్నీ తుడిచేసే ప్రోగ్రాం రాసి పారేశాను.

మర్నాడు చావుల పుస్తకం తెరిస్తే అసలు సంగతి తెలిసింది. పోయిన పిల్ల పేరే తరువాతి పిల్లకి పెట్టుకున్నారు. అదీ పోతే మళ్లీ అదే పేరు. మూడోది బతికింది, దాని పెళ్లి కూడా రాసి ఉంది. ఆ తల్లి మొండితనానికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. శుక్రవారం పని అప్పగించాలి. నేనేమో ఊళ్లో ఎంతమంది పిల్లల్ని చెరిపేశానో!

నా పురిటికని అమ్మ అప్పటికే వచ్చి సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్‌లోనే ఉంది. సాయంత్రం చింతపండులో గింజలు తీస్తుంటే జరిగింది చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"తీసేశావా? ఆ తల్లి కన్నపిల్లల్నే?"

"మళ్లీ పెట్టొచ్చమ్మా. కాకపోతే పనంతా మొదటికొస్తుంది. మేనేజరు నన్ను నమిలి మింగేస్తాడు."

"మింగనీ. ఇద్దర్ని మింగాలిగా, అంత తేలిగ్గా అరగర్లే."

నవ్వేశాను. రేపే తప్పు ఒప్పుకుని అందర్నీ తిరిగి ఎక్కిస్తానన్నాను. అమ్మ నవ్వలేదు.

"నీకంటే ముందు ఒకత్తి పుట్టిందే," అంది.

ముప్పై ఏళ్లొచ్చాయి నాకు. ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

"ఇరవై ఒకటో రోజున బారసాల అనుకున్నాం. పంతొమ్మిదో రోజున పోయింది. పేరు మాత్రం నా మనసులో అనుకునే ఉంచాను. మీ నాన్నక్కూడా చెప్పలేదు."

"ఏం పేరమ్మా?"

అమ్మ నా మొహంలోకి చూసింది.

"నీదేనే. దాన్ని ఒక్కసారైనా నోరారా పిలవలేదని, నీకు పెట్టుకున్నాను."