రెండు పూతలు

"ఏం, నీ చేతులు పడిపోయినయ్యా? ఒక్క గ్లాసు మజ్జిగ తాపిస్తే నీ సొమ్మేం బోయింది?"

"నువ్వే తాపించి పోమ్మా."

"నేను స్కూలుకి పోవద్దా? రోజూ పర్మిషనంటే ఎవడిస్తాడు? నేనిస్తే అమ్మ రెండు గుక్కలు తాగి పక్కన పెడతంది నాన్నా. నిన్నే అడుగుతంది."

"నా చేత్తో వద్దు."

"ఆ పొడి కలిపి తాపినప్పుడు లేదే ఈ వద్దు!"

లోపలి గదిలోంచి ఆ మాట వినపడి, ముప్పాళ్ళ నుంచి కాలిన మోటారును ఆటోలో వేసుకొచ్చిన పున్నారావు గుమ్మంలోనే నిలబడిపోయాడు. నరసరావుపేటలో దావూద్ వైండింగ్ షాపూ ఇల్లూ ఒకటే. ముందు గదిలో మోటార్లు, వెనక గదిలో కాపురం. తండ్రీకూతుళ్ళు తగాదా పడితే బేరగాళ్ళు వినక తప్పదు.

దావూద్ బయటికొచ్చాడు. పలకరింపు కూడా లేకుండా మోటారు మూత విప్పడం మొదలుపెట్టాడు.

"చెమ్మ బావి దావూదన్నా. నీ లెక్కప్రకారం రెండు పూతలు దట్టించు," అన్నాడు పున్నారావు.

దావూద్ చేతిలో స్పానర్ ఆగిపోయింది.

రెండు పూతల దావూద్ అంటేగానీ ఆ చుట్టుపక్కల రైతులకు అతనెవరో తెలియదు. చుట్టిన రాగి తీగ మీద వార్నిష్ పోసి ఆరబెట్టడం అందరూ చేసే పనే. దావూద్ అది ఆరాక మళ్ళీ పోస్తాడు. ఒకటి మేలు చేస్తే రెండోది ఇంకా మేలు చేస్తుందనేది అతని నమ్మకం. టీలో పంచదారైనా అంతే, ఇంటి తలుపుకు గడియలైనా అంతే.

భార్య జాన్‌బీది మాచవరం. పెళ్ళయి వచ్చిన కొత్తలో మోటారు మోతకు ఉలిక్కిపడేది. ఏడాది తిరక్కుండానే తీగ కింద పరిచే కాగితం కత్తిరించడం నేర్చేసింది. "మోటారు తిరిగితే నా కాగితం గొప్ప, కాలితే ఈయన తీగ తప్పు," అని బేరగాళ్ళ ముందే అనేది. దావూద్ నవ్వి ఊరుకునేవాడు.

ఆమెకు రొమ్ములో గడ్డ తేలింది. గుంటూరులో ఆపరేషన్ చేసి తీసేశారు. పుండు మానాక ఇంజెక్షన్లు మొదలుపెడతామని పంపించారు. సరిగ్గా ఆ సందులో దూరాడు, బలం పొడి డబ్బాలమ్మే విజయ్ కుమార్. ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టి, గాజు గ్లాసులో నీళ్ళు పోసి, అయోడిన్ చుక్కలు వేశాడు. నీళ్ళు తుప్పు రంగుకు తిరిగాయి. "మీ ఒంట్లో జరిగేది ఇదే. లోపల తుప్పు పడుతోంది," అన్నాడు. చెంచాడు పొడి వేసి తిప్పితే నీళ్ళు తేటపడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. గ్లాసులో నీళ్ళకీ మనిషి ఒంటికీ ఏం పోలికరా అని అడిగినవాడు ఆ హాల్లో ఒక్కడూ లేడు.

దావూద్ అక్కడే కొన్న డబ్బా మీద సెలీనియం పట్టించిన మొక్కల పాలీశాకరైడ్లు అనీ, యాంటీ ఆక్సిడెంట్ అనీ రాసి ఉంది. దావూద్‌కు ఆ మాటలు అర్థం కాలేదు. కానీ తుప్పంటే ఏమిటో అతనికి ఒకరు చెప్పాలా? పుట్టినప్పటి నుంచీ దానితోనే పోట్లాట.

రోజుకో చెంచా అని డబ్బా చెప్పింది. దావూద్ పొద్దునొకటి, సాయంత్రమొకటి మజ్జిగలో కలిపి తనే తాపించాడు. ఇంజెక్షన్లు తట్టుకునే బలం రావాలి కదా.

"మోటారుకేసినట్టు నాకూ రెండు పూతలేస్తన్నాడు పిచ్చమ్మక్కా," అని పక్కింటావిడకు చెప్పి జాన్‌బీ మురిసిపోయేది. మొదట్లో ఆమె మొహం తేటగానే ఉంది. మొగుడు పని పక్కనబెట్టి గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఏ ఆడమనిషి మొహమైనా తేటగానే ఉంటుంది.

తర్వాత దిండు నిండా జుట్టు. గోళ్ళు పెళుసెక్కి విరిగిపోయాయి. వెల్లుల్లి ముట్టకపోయినా నోటి వెంట వెల్లుల్లి వాసన. జబ్బు తిరగబడుతోందని దావూద్ హడలిపోయి, చెంచా ఇంకా పైకి నింపాడు.

గుంటూరులో డాక్టరమ్మ ఆమె తల మీది ముసుగు తీసి చూసింది. "ఇంజెక్షన్లు ఇంకా మొదలే పెట్టలేదు. జుట్టెందుకు ఊడింది?"

కూతురు తహసీన్ సంచీలోంచి డబ్బా తీసి ఇచ్చింది. డాక్టరమ్మ చదివింది, ఎంత వేశారో అడిగింది. సెలీనియం ఒంటికి రవ్వంత చాలనీ, మించితే విషమనీ చెప్పింది. లివర్ రిపోర్టు బాగాలేదు, ఇప్పుడు ఇంజెక్షనిస్తే మనిషి తట్టుకోదు అంది. పొడి ఆపేశారు. లివర్ కుదుటపడేదాకా వైద్యం ఆగింది. జబ్బు ఆగలేదు. వెన్నులోకి పాకింది.

"ఆ పొడి తాపకపోతే బతికేదా అమ్మా?" అని దావూద్ అడిగాడు.

"అట్లా చెప్పలేను. అంతకు ముందే పాకి ఉండొచ్చు కూడా."

అవునంటే గుండెలు బాదుకుని ఏడ్చేవాడు. కాదంటే ఊపిరి పీల్చుకునేవాడు. ఆ రెండూ లేకుండా పోయాయి. విజయ్ కుమార్‌కు ఫోన్ చేస్తే, "ఒక చెంచా అని క్లియర్‌గా రాసుంది కదా అంకుల్," అని పెట్టేశాడు. ఆ రోజు నుంచి దావూద్ తన చేత్తో ఆమెకు మంచినీళ్ళయినా ఇవ్వలేదు. గోడకానుకుని కూర్చుంటాడు, అంతే.

"ఒక్క పూతే ఏస్తా," అన్నాడు పున్నారావుతో, స్పానర్ మళ్ళీ తిప్పుతూ.

"అదేందన్నా, నీ పేరే..."

"ఒక్కటే అన్నాగా! ఇష్టముంటే ఉంచు, లేకపోతే తీసకపో."

పున్నారావు మోటారు అక్కడే వదిలి వెళ్ళాడు. తహసీన్ కూడా టిఫిన్ బాక్సు సర్దుకుని, తండ్రి వైపు చూడకుండానే స్కూలుకు వెళ్ళిపోయింది.

"ఏమయ్యో," అని లోపలి నుంచి పిలుపు.

దావూద్ వెళ్ళి ఎప్పటిలాగే గోడ దగ్గర కూలబడ్డాడు.

"ఆడెందుకు? ఇటు రా. మంచం మీద కూర్చో."

కూర్చున్నాడు. ఆమె చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది. గోళ్ళున్న చోట గరుకుగా తగిలింది.

"తహసీన్ మాటలు మనసులో పెట్టుకోమాక. పిల్లది, చానా ఏడుస్తంది అది."

"అది అన్నదాంట్లో తప్పేముందే."

"నా నోటి వాసన నాకు తెలవదా? ఆ పొడి సంగతి నాకు ముందే అనుమానం. నువ్వు కలిపి తెచ్చి ఎదురుగా కూర్చునేవోడివి. ఆ కాసేపు బాగుండేది. అందుకే తాగా."

దావూద్ తల వంచుకుని వెక్కిళ్ళు పెట్టాడు. ఆమె అతణ్ణి ఏడవనిచ్చింది.

"తహసీన్ మజ్జిగలో ఉప్పు కుమ్మరిస్తదయ్యా, తాగలేకపోతన్నా," అంది చివరికి. "నువ్వు కలిపియ్యి. ఏం ఎయ్యమాక. ఉత్త మజ్జిగ, ఒక్క గ్లాసు."