చెల్లెలి నోట నా లెక్క

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. డెబ్బై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా దిష్టి తీయించుకోలేదు. ఇది చచ్చినవాళ్ళ సంగతి కూడా కాదు. మా చెల్లెలు సుగుణ బతికే ఉంది.

సుగుణ తెలుగు టీచరుగా రిటైరైంది. కిందటేడు జూన్ రెండో మంగళవారం పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. "మంచినీళ్ళు" అని కూడా అనలేదు. "రోజూ పక్కన కూర్చుని మాట్లాడించండి. మానేస్తే వచ్చేవి కూడా రావు" అన్నారు డాక్టరుగారు. కూతురు స్వరూపకి ఉద్యోగం. అందుకని తొమ్మిది నుంచి పదకొండు దాకా నేను కూర్చునేదాన్ని.

మాది కడియంలో నర్సరీ. లారీకెక్కే మొక్కల లెక్క నాదే, కాగితం లేకుండా. నేను కూర్చోవడం మొదలెట్టిన ఇరవై మూడో రోజు, ఆదివారం, సుగుణ పక్కన కూర్చుని పొద్దున చూసొచ్చిన మడి లెక్క మనసులో కడుతున్నాను. ముప్పై ఏడు వరసలు, వరసకి నలభై ఆరు మొక్కల సంచులు.

"పదిహేడు వందల రెండు" అంది సుగుణ, స్పష్టంగా.

స్వరూప పరిగెత్తుకొచ్చింది. "అమ్మకి లెక్కలేంటి పెద్దమ్మా! పాల ప్యాకెట్లు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టే మనిషి. ట్యూషనేమన్నా చెబుతున్నారా ఏంటి?"

నాకు నవ్వు రాలేదు. ఆ అంకె నేను పైకి అనలేదు. లెక్క కట్టేటప్పుడు పెదవులు కూడా కదపను.

వారమంతా పరీక్షించాను. ఎనిమిది లెక్కలు కడితే ఎనిమిదీ చెప్పింది. మరుసటి ఆదివారం తొమ్మిదోది, ఇరవై తొమ్మిది వరసలది, వరసకి అవే నలభై ఆరు. "పదమూడు వందల నలభై నాలుగు" అంది. వరసలూ సంచులూ నన్నడిగి స్వరూప ఫోన్లో సరిచూసి, "అమ్మ తప్పింది పెద్దమ్మా, ముప్పై నాలుగు" అంది.

తప్పింది నేను. నాకు వచ్చిందీ నలభై నాలుగే.

తనే కట్టి ఉంటే తప్పయినా వేరుగా ఉండేది. నా తలలో పుట్టిన తప్పు, చొంగ కారుతున్న ఆ నోట్లోంచి బయటికొచ్చింది. నేను నములుతున్న ముద్దని మరొకరు నమిలి నా ముందు పెట్టినట్టు, ఎంగిలిలా అనిపించింది. పెరట్లోకెళ్ళి మూడుసార్లు నోరు పుక్కిలించాను.

"ఏదో ఒకటి మాట్లాడుతోంది కదా పెద్దమ్మా. ఆపకండి" అని బతిమాలింది స్వరూప.

వెళ్ళడం ఆపలేదు. ఆమె దగ్గర లెక్క కట్టడం మానేశాను. పేపరు చదివి వినిపించేదాన్ని. పదకొండో రోజు సుగుణ ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని ఊపింది. లెక్క కట్టమని అడుగుతోందని నాకు తెలుసు. విడిపించుకుని, కొంగుతో తుడుచుకున్నాను.

అలా ఆమె నోట అంకెలూ ఆగిపోయాయి.

"మెదడులో మాటలకీ అంకెలకీ చోట్లు వేరండీ. ఒకటి పోయినా రెండోది మిగలొచ్చు" అన్నారు డాక్టరుగారు. ఆమె అంకెలు ఆమెకి మిగిలితే సరే. నావి ఎలా చేరాయో ఆయనా చెప్పలేదు.

పోయిన వారం అసహ్యం దిగమింగుకుని, ఆమె ఎదురుగా మళ్ళీ ఒక లెక్క కట్టాను. సుగుణ నా మొహంలోకి చాలాసేపు చూసి, కళ్ళు మూసుకుంది. ఆమెకి అందలేదో, అందినా నాకు ఇవ్వలేదో నేను చెప్పలేను.