అత్తగారు చెప్పని అడవి

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, అమెరికాలో ఎవరినీ జీతమెంతని అడగకూడదని వచ్చిన కొత్తల్లోనే నేర్చుకున్నాను. పుట్టగొడుగులు ఎక్కడ ఏరారని కూడా అడగకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పుడు మేము మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. మా ఆవిడ తొలి కాన్పుకని భీమవరం నుంచి వచ్చిన అత్తగారు మంచు చూసి బెంగ పెట్టేసుకున్నారు. "మాటాడే మనిషి లేని చోట ఉండలేను బాబూ, పంపించేయండి" అని రోజూ అదే పాట. అమ్మ వెళ్లిపోతే నేనెలా కనను అని మా ఆవిడ ఏడుపు. (కనాల్సింది నేనే అన్నంత భయంగా ఉండేది నాకు.)

మే నెలలో ఓ రోజు పక్కింటి ముసలాయన గిన్నెడు మోరెల్స్ అనే అడవి పుట్టగొడుగులు ఇచ్చాడు. తేనెపట్టులా అన్నీ బొక్కలే. అత్తగారు ఉల్లిపాయ, మిరియాలు వేసి బాగా మగ్గించి, ఇక్కడికొచ్చాక మొదటిసారి మారు అన్నం పెట్టించుకున్నారు. "ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి బాబూ" అన్నారు. అడిగాను. "లైలాక్ పూలు పూసేటప్పుడు, వెచ్చటి వాన పడిన మర్నాడు, చచ్చిపోతున్న ఎల్మ్ చెట్ల కింద వెతుకు" అన్నాడాయన. ఎక్కడ అంటే, "ఉత్తరాన" అన్నాడు. మిషిగన్ సగం ఉత్తరానే ఉంది. ఆ శనివారం అత్తగారిని కారెక్కించుకుని బయల్దేరాను. కార్ల కంపెనీ ఇంజనీర్ని కదా, నేల ఎంత వెచ్చబడిందో చూద్దామని థర్మామీటరు కూడా తెచ్చి గుచ్చాను. అడవిలోకి దిగేముందు ప్రార్థన చేసుకున్న అత్తగారు కళ్లు తెరిచి, "నేలకి జ్వరమొచ్చిందా బాబూ?" అన్నారు. బురద తప్ప ఏమీ దొరకలేదు.

గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మా వైపు తప్పు. అత్తగారు దాన్నిండా గారెలు వేసి స్వయంగా తీసుకెళ్లారు. అదేం మర్యాద అనుకున్నాడో, ఆయన అందులోనే రొట్టె పెట్టి పంపాడు. మళ్లీ గారెలు. ఇలా కొన్నాళ్లు నడిచాక, వాన వెలిసిన ఓ పొద్దున ఇద్దరూ ఆయన ట్రక్‌లో వెళ్లిపోయారు. ఆయనకి తెలుగు రాదు, ఈవిడకి థాంక్యూ తప్ప ఇంగ్లీషు రాదు. మేమిద్దరం కిటికీ దగ్గరే నిలబడిపోయాం. మధ్యాహ్నానికి చీర కుచ్చిళ్లకి బురదతో, సంచీడు మోరెల్స్‌తో నవ్వుకుంటూ దిగారు.

"ఎక్కడ దొరికాయి అత్తయ్యగారూ?"

"చెప్పకూడదంట బాబూ. నోటిమీద వేలేసుకుని మరీ చూపించారాయన" అన్నారు. తర్వాత సంచీ బల్ల మీద పెడుతూ, "వాన పడితే మళ్లీ వెళ్దామన్నారు. టికెట్ మాట ఇప్పుడెత్తకండి" అన్నారు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

పాప బోర్లాపడేదాకా అత్తగారు ఉన్నారు. ఆ అడవి ఎక్కడో నాకు చివరిదాకా చెప్పలేదు. చాలా ఏళ్లు ఉక్రోషంగానే ఉండేది. ఈ పరాయి దేశంలో ఆవిడకి తనదంటూ ఒక్క చోటు దొరికితే, దాని దారి కూడా నాకు తెలియాలని పట్టుబట్టిన ఆ కుర్ర అల్లుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.