అవ్వ కట్టిన గంట

దయ్యం వేళ్లు నోట్లో ఉండగా బతికి బయటపడ్డ మనిషిని ఈ చుట్టుపక్కల ఊళ్లలో నేనొక్కణ్ణే. నవ్వకండి. నవ్వే చోటు ముందుంది. అక్కడికి రాగానే నేనే చెబుతాను.

అప్పటికి నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది. మాది దేవరకొండకూ మర్రిగూడకూ నడుమ గొర్లు కాసే ఇల్లు. ఎండాకాలం మా నేలలో గడ్డిపోచ మిగలదు కనుక బాపు, తమ్ముళ్లు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయారు. నేను మాత్రం కాల్లో తుమ్మముల్లు విరిగిందని ఇంటికాడే ఉండిపోయాను. మూరెడు ముల్లు! సరే, జానెడు. సరే సరే, ముల్లే లేదు; కొత్త పెండ్లాం ఉంది.

ఇంట్లో నేను, నా భార్య రాములమ్మ, బాపును కన్న అవ్వ. తాత అంతకు ముందటి ఏడాదే కాలం చేశాడు. ఆయన గొంగడి, ఆయన పొట్టేలు మెడలోని ఇత్తడి గంట లోపలి గోడకు వేలాడుతుండేవి. మంద వలస పోయాక ఆ గంట ఖాళీ దొడ్డిలో మోగకూడదని మా ఇంటి నమ్మకం. మోగిందంటే చచ్చిపోయిన కాపరి తన గొర్లను లెక్క చూసుకోవడానికి వచ్చాడన్నమాట. లెక్క తక్కువైతే ఇంట్లోంచి ఒకరిని కలుపుకుని పోతాడు.

ఆ గంట ఒక మిట్టమధ్యాహ్నం మోగింది.

రాములమ్మ దూరపు బావికి నీళ్లకు పోయింది. ఎండకు ఊరంతా తలుపులు మూసుకుంది. నేను అరుగు మీద పడుకున్నాను. ఇంటి వెనక దొడ్డిలోంచి టంగ్... కాసేపు ఆగి, మళ్లీ టంగ్. గాలి లేదు. ఆకు కదలడం లేదు. నేను సింహంలా ఒక్క ఉదుటున లేచి... దుప్పటి నిండా కప్పుకున్నాను.

ఎండ చల్లబడ్డాక పోయి చూస్తే, గోడ మీది గొంగడి దొడ్డి గుంజకు వేలాడుతోంది, తల లేని మనిషి నిలబడ్డట్టు. ఎప్పుడో చచ్చిపోయిన మా కుక్క చిప్పలో ఎవరో తాజాగా అంబలి పోశారు.

"తాత వచ్చిండే" అన్నాను రాములమ్మతో.

"తాత సంగతి పక్కకు వెట్టు. అవ్వ చేతికి బొబ్బలొచ్చినయ్. పొయ్యి కాడ ఒక్కదాన్నే ఇడవొద్దు ఇగ. పొద్దుగాల నన్ను జూసి, నువ్వెవ్వరి పిల్లవే అన్నది."

"ముసలోల్లు గట్లనే అంటరు తీ."

"చీర తిరగేసి కట్టుకుంటాంది. తిన్నదో లేదో యాదికుంటలేదు."

"ఇంట్ల దయ్యం తిరుగుతాంటే నీకు చీర ఫికరా?"

చూశారా నా తెలివి! కంట్లో దూలం పెట్టుకుని, దయ్యం కాళ్లు వెనక్కి ఉన్నాయా ముందుకున్నాయా అని వెతుకుతున్నాను.

మరునాడే ఒక కోడిపుంజును మాట్లాడుకుని మంత్రాల సాయన్నను పిలుచుకొచ్చాను. ఆయన దొడ్డి చుట్టూ తిరిగి ముక్కు ఎగబీల్చాడు.

"మీ తాతకు ఏమంటే పానం?"

"గొర్రంటే."

"అయితే దొడ్డిల జర ఒక గొర్రె ఉండాలె. అప్పుడే దయ్యం దగ్గరికొస్తది. నువ్వే గొర్రెవు."

"నేనా?"

"మొకం సరిపోతది పో."

మిట్టమధ్యాహ్నం వేళకు నేను నా గొంగడి కప్పుకుని దొడ్డి నడుమ మోకాళ్ల మీద వంగి ఉన్నాను. సాయన్న ఒక చేత వేపమండ, ఒక చంకలో కోడిపుంజుతో గోడ పక్కన నక్కాడు. గోడల మీద ఊరి జనం. రాములమ్మ మాత్రం నన్నొక చూపు చూసి, కడవ నెత్తిన పెట్టుకుని నీళ్లకు పోయింది.

టంగ్.

దొడ్డి తడిక దానంతట అదే తెరుచుకున్నట్టు తెరుచుకుంది. తాత గొంగడి నడిచి వస్తోంది. లోపల ముఖం లేదు, చీకటే ఉంది. కర్ర దుమ్ములో ఈడ్చుకుంటూ వస్తోంది. సాయన్న "ఓరి నాయినో" అని కోడితో సహా గోడ దూకాడు. గొర్రె కసాయోణ్ణే నమ్ముతుందంటారు. ఈ గొర్రె మంత్రగాణ్ణి నమ్మింది.

నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఒక చెయ్యి నా వెన్నుపూస తడిమింది. గదుమ పట్టి తల పైకెత్తింది. వేళ్లు నోట్లోకి జొరబడి పళ్లను ఒక్కొక్కటే తాకాయి. మేము గొర్రె వయసు చూసేది అలాగే. ఆ వేళ్ల మీద బొబ్బలు. నాలుకకు బూడిద రుచి.

"పండ్లన్నీ ఏసినవ్" అంది దయ్యం, నా మెడకు గంట కడుతూ. "గింత బక్కగైనవేంది బిడ్డా? నిన్ను ఎవ్వలు అర్సుకుంటలేరా?"

కళ్లు తెరిచాను. గొంగడి ముసుగులో మా అవ్వ.

"అవ్వా, నేనే!"

ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఆ కళ్లలో నేను లేను. నిజంగా తాత దయ్యమే వచ్చినా నన్ను గుర్తుపట్టేవాడు.

"కడుమ గొర్లన్నీ ఏడికి వొయినయ్? ఆయనొస్తే ఏమని చెప్పాలె?" అని గొణుక్కుంటూ అవ్వ వెనక్కి తిరిగి, తడిక దాటి, గట్టు లేని పాడుబావి వైపు నడిచింది. నేను లేవబోతే గొంగడి కాళ్లకు చుట్టుకుని బోర్లా పడ్డాను. బావి అంచు దగ్గర కడవ పగిలిన చప్పుడు. తల ఎత్తి చూస్తే, నీళ్లతో తిరిగొస్తున్న రాములమ్మ అవ్వ చెయ్యి పట్టుకుని ఉంది.

"గొర్లన్నీ ఇంటికాడనే ఉన్నయవ్వా. దా, పోదాం" అంది మెల్లగా. తర్వాత నా వైపు తిరిగింది. "ఓ గొర్రే, నువ్వు గూడ రా."

నవ్వే చోటు ఇదే. వాళ్ల వెనకాల, మెడలో గంటతో, ఊరంతా చూస్తుండగా ఇల్లు చేరాను.

ఆనాటి నుంచి అవ్వను ఒంటరిగా వదల్లేదు. గంట ఆమె కర్రకు కట్టాం, ఎటు పోయినా వినపడేలా. మధ్యాహ్నం ఆమెతో పాటు దొడ్డికి పోయి, వంగి నిలబడి పళ్లు చూపించేవాణ్ణి. ఆమె కన్నుమూసేదాకా ఆ మందలో నేను తప్పిపోలేదు.

అప్పుడే మా గొర్ల మీద, గొంగడి మీద ఒట్టు వేశాను: ఖాళీ దొడ్డిలో గంట మోగితే ఇక ఈ జన్మలో మంత్రగాణ్ణి పిలవను; ఇంట్లో ముసలివాళ్ల చేతులు చూస్తాను.

ఇప్పుడు మాకు గొర్లు లేవు, దొడ్డీ లేదు. మొన్న చూస్తే నా చేతికర్రకు ఆ ఇత్తడి గంట కట్టి ఉంది. ఇదేందమ్మా అని కోడల్ని అడిగాను.

"ఉత్తగనే మామా" అంది, నా ధోవతికి అంటిన పల్లేరుకాయలు ఏరుతూ.

నేను గడప దాటలేదు. ఒట్టు. కానీ ఈసారి నా ఒట్టును కాదు, గంటను నమ్మండి.