కిటికీలో తంబాకు

జగిత్యాల బస్టాండులో నా పక్కన కూర్చున్నావిడ సంచి మూతి విప్పింది. తడిగుడ్డలో చుట్టిన, బీడీలకు వాడే తునికాకు వాసన వచ్చింది. నేను బెంచీ మీద కొంచెం జరిగి, ఒక భారీ మనిషికి సరిపడా చోటు వదిలాను. అక్కడ కూర్చోవలసిన మనిషి ఇప్పుడు లేదు.

కోరుట్లలో రాజవ్వది మా పక్క గది. చుట్టరికం లేకపోయినా పెద్దవ్వా అనేదాన్ని. చిన్ననాటి నుంచి చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టిన మనిషి. కూర్చునే పనికి ఒళ్లు పెరిగింది, వయసుకు మోకాళ్ల సత్తువ పోయింది. ఆమె అక్క సిరిసిల్లలో ఉండేది. భివండీలో మగ్గాల మీద బతికి, చూపు పోయాక తిరిగొచ్చింది. ఒకసారి అక్క దగ్గరికి బయలుదేరిన పెద్దవ్వ బస్సు మెట్టెక్కలేకపోతే వెనక నుంచి ఇద్దరు నెట్టారు. బస్సంతా నవ్వింది. ఆ తర్వాత పెద్దవ్వ బస్సెక్కలేదు. చూపు లేని అక్క రాలేదు.

బరువు తగ్గితే ఎక్కగలనని పెద్దవ్వ అన్నం మానేసింది. చాయ్ తాగి చేట ముందేసుకునేది. వదులైన రవికె చూపించి, "సూడు పిల్లా, సగమైన" అని మురిసింది. కొన్నాళ్లకు నేల మీద నుంచి లేవలేక గోడ పట్టుకొని ఏడ్చింది. జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ వ్యాయామం చెప్పే డాక్టరమ్మ ఆమె తొడ నొక్కి చూసింది.

"గిట్ల ఉపాసముంటె కొవ్వుతోని కండ గూడ పోతదమ్మా. అన్నం జర తగ్గియ్యి. పప్పు, గుడ్డు ఇడువకు. రోజు కుర్చీలకెల్లి లేసుడు, కూసునుడు చెయ్యి."

"లేసుడు గూడ మందేనా?"

"నీకు గదే మందు."

ఆ రోజుల్లో నేనూ లేచేదాన్ని కాదు. దుబాయిలో మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది, ఆయన ఫోన్లు ఆగిపోయాయి. ఫోను గుండెల మీద పెట్టుకొని చాప మీద పడి ఉండేదాన్ని. ఒక పొద్దున పెద్దవ్వ గోడ పట్టుకుంటూ వచ్చి ఫోను లాక్కుంది. తన గదిలో, ఎదుటి గోడ కిటికీలో, తంబాకు డబ్బా పక్కన పెట్టింది.

"నా ఫోనియ్యి పెద్దవ్వా!"

"మోగితె ఇనవడ్తది, లేసి పో. తంబాకు గావాల్నంటె నేను లేస్తలేనా?"

బీడీలు చుట్టేవాళ్లు ఆకు, తంబాకు, దారం అన్నీ చేతికందేలా పెట్టుకుంటారు. లేస్తే చేయి ఆగుతుంది, కట్టలు తగ్గుతాయి. పెద్దవ్వ మాత్రం నేల వదిలి స్టూలు మీద కూర్చొని, చేటలో పిడికెడు తంబాకే వేసుకునేది. అది అయిపోగానే లేచి కిటికీ దాకా పోయేది. ఫోను కోసం నేనూ ఆ గదిలోనే కూర్చునేదాన్ని. మొదట్లో నా భుజం పట్టుకొని లేచేది. ఆమెను లేపాలంటే ముందు నేను లేవాలి.

సాయంత్రాలు గుమ్మం ముందు మెట్టు ఎక్కి దిగేది. కల్లు గీసి ఇంటికి పోతున్న ఒక గౌడు ఆగి చూశాడు.

"ఏందక్కా, పోలీసు నౌకరికి తయారైతున్నవా?"

"ఔ తమ్మీ. మొదలు నిన్నే లోపలేస్త."

వానలు తగ్గాక సిరిసిల్ల బస్సు ముందు నిలబడ్డాం. ఆమె పెద్దగా చిక్కలేదు. కుచ్చిళ్లు పైకి దోపుకుంది. కండక్టరు చేయి చాచాడు.

"చెయ్యి తియ్యి కొడుకా, నీ చెయ్యి కమ్మికి అడ్డమున్నది."

కమ్మి పట్టుకొని ఎక్కింది. వెనక నేను చేతులు చాచి నిలబడ్డాను. అవి ఆమెను తాకనే లేదు.

సిరిసిల్లలో గుమ్మంలో కూర్చున్న అక్క, అడుగుల చప్పుడు విని "ఎవలు?" అంది. పెద్దవ్వ అక్క చేతిని తన చెంప మీద పెట్టుకుంది. ఆ చేయి మెడనూ, భుజాన్నీ నెమ్మదిగా తడిమింది.

"గింత ఒళ్లేసుకొని ఎట్లచ్చినవే?"

"నా కాళ్ల మీదనే అచ్చిన."

పెద్దవ్వ పోయి చాలా కాలమైంది. మా ఆయన తిరిగొచ్చాడు. ఇంట్లో ఉంటే నా ఫోను మాత్రం ఇప్పటికీ ఎదుటి కిటికీలోనే ఉంటుంది. మోగితే లేస్తాను. లేచేటప్పుడు ఎడమ భుజం దానంతటదే బిగుసుకుంటుంది. పెద్దవ్వ పట్టుకునే భుజం అది.